కూలికి వచ్చినవాడు మన పొరుగువాడే



మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమాని ఉపమానం మీకందరికీ తెలిసినదే. ఆ యజమాని తెల్లవారగానే ఒకసారి, తొమ్మిది గంటలకు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, చివరికి సాయంత్రం ఐదు గంటలకు కూడా అంగడి వీధికి వెళ్లి, పని లేక నిలబడివున్నవాళ్లను తోటకు పిలుచుకు వచ్చాడు. ఈ ఉపమానం మీద ప్రసంగించేటప్పుడు గురువులమైన మేము సాధారణంగా దేవుని ఔదార్యాన్ని గురించి చెబుతాం. అది సబబే. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సాయంత్రం ఐదింటి దాకా ఆ మనిషి అంగడిలో ఎందుకు నిలబడినట్టు? సోమరిపోతు అయితే పొద్దున్నే ఇంటికి పోయి పడుకొనేవాడు. పొద్దు వాలుతున్నా కదలకుండా నిలబడ్డాడంటే, ఇంటి దగ్గర ఖాళీ కుండ అతడికోసం ఎదురుచూస్తున్నదని అర్థం. తనను ఎవరూ పనికి పిలవలేదనే అతడు యజమానితో చెప్పుకొన్నాడు.

క్రీస్తుప్రభువు నజరేతులో వడ్రంగి ఇంట పెరిగినవాడు. పని దొరికిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో, దొరకని రోజు ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆనాడు దీనారమంటే ఒక మనిషి ఒక్కరోజు కూలి. ఒక కుటుంబం ఆ పూటకు తిని పడుకోవడానికి అంతే కావాలి. గంటసేపే పనిచేసినవాడికి గంట కూలే ఇస్తే లెక్క ప్రకారం న్యాయమే జరిగేది, కాని ఆ రాత్రి అతడి పిల్లలు ఆకలితో పడుకొనేవాళ్లు. ఆ యజమాని గంటలు లెక్కపెట్టలేదు. ఇంట్లో ఎన్ని నోళ్లు ఉన్నాయో ఆలోచించాడు.

ఈ వారం మన పల్లె కుటుంబాలు ఏం చేసి బతుకుతున్నాయో కాస్త నిదానంగా చూద్దాం. ఎందుకంటే ఆదివారం దివ్యపూజలో ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చొనే మనలో కూలికి పిలిచేవాళ్లు ఉన్నారు, కూలికి పోయేవాళ్లూ ఉన్నారు. కొన్ని విచారణల్లో ముందు బల్లలవాళ్లు పిలిచేవాళ్లు, వెనుక బల్లలవాళ్లు పోయేవాళ్లు. ఈ మాట బయటికి అనడం చాలామందికి ఇష్టముండదు. అయినా అనక తప్పదు.

పల్లెటూరివాడు అనగానే పొలం దున్నుకొని బతికే రైతు మనకు మనసులో మెదులుతాడు. నిజం ఇప్పుడు అలా లేదు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2018-19 వ్యవసాయ సంవత్సరానికి దేశమంతటా రైతు కుటుంబాల ఆదాయాన్ని లెక్కగట్టారు. సగటున ఒక రైతు కుటుంబానికి నెలకు వచ్చింది 10,218 రూపాయలు. అందులో పంట మీద మిగిలింది 3,798 రూపాయలు. కూలి, జీతాల మీద వచ్చింది 4,063 రూపాయలు. పశువుల మీద 1,582, చిన్న వ్యాపారాల మీద 641, భూమి కౌలుకిచ్చినందుకు 134 రూపాయలు. ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఇవి కూలీ కుటుంబాల లెక్కలు కావు. రైతులమని చెప్పుకొనే కుటుంబాల లెక్కలు. ఆ ఇళ్లలో కూడా పంటకంటే కూలే ఎక్కువ అన్నం పెడుతున్నది. అంతకు ఆరేళ్ల ముందు, 2012-13లో ఇదే లెక్క తీసినప్పుడు పంట మీద వచ్చింది 3,081, కూలి మీద వచ్చింది 2,071. అంటే ఆ ఆరేళ్లలో రైతు మెల్లగా కూలీ అయ్యాడు. ఈ మార్పు చప్పుడు లేకుండా జరిగింది.

ఇక సెంటు భూమి లేని ఇళ్ల సంగతి వేరే చెప్పాలా? మన విశ్వాసులలో అటువంటి కుటుంబాలే ఎక్కువ. అలాంటి ఇంటి ఏడాదిని వరుసగా చూడండి. తొలకరి పడితే నాట్లు, తర్వాత కలుపు. పత్తి పగిలితే పత్తి తీత. సంక్రాంతి దాటితే మిరపకోత. మధ్యలో తండ్రి పట్నంలో తాపీపని దగ్గర నాలుగు నెలలు. ఇంటి ముందు ఒక గేదె, రెండు మేకలు. తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలు. కొడుకు ఆటో అద్దెకు నడుపుతాడు. ఇవేవీ ఒక్కటే చాలవు. అన్నీ ముడివేస్తే సంవత్సరం గడుస్తుంది. ఏదో ఒక ముడి ఊడితే, అంటే గేదె చచ్చినా, వాన తప్పినా, తండ్రి మేడ మీదినుంచి పడినా, మిగిలినవన్నీ దానితోపాటు జారిపోతాయి. బీదవాళ్లకు ముందుచూపు లేదని కొందరు అంటుంటారు. ఆరు రకాల పనులు ఒక ఏడాదిలో అతికించుకొని పిల్లల్ని పెంచే ఆ తల్లికి ఉన్న ముందుచూపు నెలజీతగాళ్లమైన మనలో ఎందరికి ఉంది?

ఆ తల్లి పని ఎక్కడా లెక్కకు రాదు. గేదెకు గడ్డి కోసేది, పాలు పితికేది, పేడ ఎత్తేది ఆమె. పాల డబ్బులు మాత్రం చాలా ఇళ్లలో ఇంటాయన చేతికి వెళతాయి. ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని మన దేశంలో 1976లోనే చట్టం వచ్చింది. మీ ఊళ్లో ఎంత ఇస్తున్నారో మీకే తెలుసు. నాట్లు ఆడవాళ్ల పని, మందు కొట్టడం మగవాళ్ల పని అని పనులనే విడదీసి, ఆడవాళ్ల పనులకు తక్కువ ధర కట్టారు. రోజంతా బురదలో నడుము వంచేది తేలిక పని ఎలా అయిందో ఎవరూ చెప్పరు.

పవిత్ర గ్రంథంలో రూతు కథ చదివినవాళ్లకు పరిగె సంగతి గుర్తుంటుంది. అత్తను పోషించడానికి పరదేశి అయిన రూతు కోతగాళ్ల వెనుక పరిగె ఏరుకొంది. పొలం అంచులదాకా కోయవద్దని, రాలిన వెన్నులు పేదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండం రైతులకు నియమం పెట్టింది. మన తెలుగు పల్లెల్లోనూ పరిగె ఏరుకొనే ఆచారం ఉండేది. వరికోత యంత్రాలు వచ్చాక కోత కూలీ తగ్గింది, పరిగె కూడా తగ్గింది. యంత్రాలు కొన్న రైతును తప్పుపట్టడం లేదు. కోత సమయంలో కూలీలు దొరక్క, తుపాను భయంతో అతడు పడే అవస్థ అతడిది. కాని యంత్రం దిగిన ప్రతి చేలోనూ కొందరు స్త్రీలకు ఏడాదిలో కొన్ని వారాల తిండి పోయింది. దానికి బదులు ఏం వచ్చిందని ఎవరైనా అడిగారా?

కొంత బదులు ఉపాధి హామీ రూపంలో వచ్చింది. 2005లో చేసిన చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కుగా ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకాన్ని ప్రారంభించారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే రేటు అన్నది చాలా ఊళ్లకు దానితోనే అనుభవంలోకి వచ్చింది. పనిచేసిన 15 రోజుల్లోగా కూలి చెల్లించాలని ఆ చట్టం చెప్పింది. నెలల తరబడి డబ్బు పడక బ్యాంకుల చుట్టూ తిరిగిన అనుభవం మీలో చాలామందికి ఉంది.

ప్రభుత్వం ఆలస్యం చేసిందని అనడం మనకు తేలిక. మరి మనం? ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీసి చూడండి. పేద కూలివాడి కూలిని పొద్దుగూకకముందే ఇచ్చివేయాలని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించాడు. కారణం కూడా చెప్పాడు: అతడి ప్రాణం దానిమీదనే ఆధారపడి ఉన్నదని, అతడు దేవునికి మొరపెడితే ఆ పాపం యజమాని మీదికి వస్తుందని. అతడు తోటి ఇశ్రాయేలీయుడైనా సరే, వేరే చోటినుంచి వచ్చిన పరదేశి అయినా సరే ఇదే నియమం. పునీత యాకోబుగారైతే తన లేఖ 5వ అధ్యాయంలో, ఎగవేసిన కూలే చేలలోనుంచి కేకలు వేస్తున్నదని హెచ్చరించారు. మన పొలాల్లో కూలి ఎప్పుడిస్తున్నాం? వారానికి ఒకసారి సంత రోజున. కొన్నిచోట్ల పంట అమ్మిన తర్వాత. ‘ఎక్కడికి పోతారు, ఇస్తాంలే’ అంటాం. ఆ వారం రోజులూ ఆ ఇంట్లో ఉప్పు, పప్పు, నూనె ఎక్కడినుంచి వస్తాయి? కొట్లో అప్పు. అప్పుకు కొన్నవాడికి ధర ఒక రకంగా, రొక్కానికి కొన్నవాడికి ఇంకొక రకంగా ఉంటుందని అందరికీ తెలిసినదే. అంటే మన దగ్గర వారంపాటు నిలిచిన కూలికి వడ్డీ ఆ కూలివాడే కట్టుకొంటున్నాడు!

అప్పు మాట వచ్చింది కనుక దాని దగ్గర కొంచెం ఆగుదాం. నేను ముందు చెప్పిన 2018-19 లెక్కల్లోనే ఇదీ ఉంది. దేశంలో సగం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 కుటుంబాలు, తెలంగాణలో నూటికి దాదాపు 92 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశపు సగటు 74,121 మాత్రమే. అప్పు అంతా చెడ్డది కాదు. బ్యాంకువాళ్లు మన దగ్గర ఎక్కువగా ఇస్తారు, ఆ సంఖ్యలో అదీ కలిసి ఉంది. కాని బ్యాంకు గడప తొక్కలేనివాడి సంగతి వేరు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. ఏడాదికి అది నూటికి 36. కూతురి పెళ్లికో, భార్య ఆపరేషనుకో 50,000 తెచ్చినవాడు నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే కట్టాలి. అసలు అలాగే ఉంటుంది. మూడేళ్లు తిరిగేసరికి వడ్డీయే అసలును దాటిపోతుంది. నూటికి రెండు రూపాయలు పుచ్చుకొంటే అది ధర్మవడ్డీ అని మనం సరిపెట్టుకొంటాం. ఆ ధర్మం ఏ ధర్మమో మరి!

2010లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో చాలామంది మరిచిపోయి ఉండరు. సూక్ష్మ రుణాల సంస్థలు ఒకే స్త్రీకి మూడు నాలుగు అప్పులు అంటగట్టి, వారం వారం గుంపుగా ఇంటి ముందు కూర్చోబెట్టి వసూలు చేశాయి. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారని వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేసింది. ఆనాడు మన వీధిలోని వడ్డీ వ్యాపారి మీద మాత్రం ఎవరూ ఆర్డినెన్సు తేలేదు. అతడు మనతోపాటు జపమాల చెప్పేవాడే కావచ్చు.

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయాన్ని ఈ వారం మీ ఇంట్లో పెద్దగా చదవండని కోరుతున్నాను. యెరూషలేము గోడ కట్టే రోజులవి. కరవు వచ్చింది. పేదలు పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకొన్నారు, చివరికి కొడుకులను, కూతుళ్లను బానిసత్వానికి ఇచ్చుకొన్నారు. అప్పు ఇచ్చినవాళ్లు శత్రువులు కారు, పరాయివాళ్లు కారు. తమవాళ్లే, తమతోపాటు ప్రార్థించేవాళ్లే. ఆ మొర విని నెహెమ్యాకు కోపం వచ్చింది. ఆయన పెద్దలను, అధికారులను పేరుపెట్టి నిలదీశాడు. సభ పిలిచాడు. తాను, తన సోదరులు, తన పరివారం కూడా అప్పులిచ్చినవాళ్లమేనని అందరి ముందు చెప్పి, ఇక వడ్డీ మానివేద్దామన్నాడు. పొలాలు తిరిగి ఇచ్చేయమన్నాడు. వాళ్లు ఒప్పుకొన్నాక కూడా ఊరుకోలేదు, యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. పెద్దమనుషుల మాట మీద ఆయనకు ఎంత నమ్మకమో దీన్నిబట్టి మీరే చూడండి.

శ్రీసభ ఈ విషయంలో మాటలతో ఊరుకోలేదు. 1462లో ఇటలీలోని పెరూజియాలో పునీత ఫ్రాన్సిస్ సభ సన్యాసులు, వడ్డీవ్యాపారుల చేతిలో నలుగుతున్న పేదలకు చిన్న అప్పులు ఇవ్వడానికి ఒక నిధిని ఏర్పాటు చేశారు. మన దేశంలో చోటానాగపూర్ ఆదివాసుల మధ్య పనిచేసిన యేసుసభ గురువు హాఫ్‌మన్‌గారు 1909లో కతోలిక సహకార పరపతి సంఘాన్ని నెలకొల్పారు. వడ్డీవ్యాపారుల వల్లనే అక్కడ ఆదివాసుల భూములు చేజారిపోతున్నాయని ఆయన కనిపెట్టారు. భూమి చట్టం రావడానికి ఆయన ఎంత పాటుపడ్డారో, పరపతి సంఘం కోసమూ అంతే పాటుపడ్డారు. ఒకటి లేకుండా రెండోది నిలవదని ఆయనకు తెలుసు. మన తెలుగునాట కూడా ములుకనూరు రైతులు 1956లో పెట్టుకొన్న సహకార గ్రామీణ బ్యాంకు దేశానికే పేరెన్నికగన్నది. పొదుపు సంఘాలలో మన తల్లులు, చెల్లెళ్లు చేసి చూపినదీ తక్కువేమీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించి మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే పొదుపు చేయవచ్చునని ఆ స్త్రీలకు ఏ ఆర్థికవేత్తా చెప్పలేదు. ఇంటికి వచ్చే కూలిలో ఎంత భాగం దారిలోనే ఆగిపోతున్నదో వాళ్లకు తెలుసు, అంతే. ఈ మాట మన ఇళ్లలోని మగవాళ్లు కూడా వింటారని ఆశిస్తున్నాను.

కూలి విషయంలో 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన ‘రేరుమ్ నొవారుమ్’ విశ్వలేఖ ఒక మాట తేల్చి చెప్పింది. కూలివాడు ఒప్పుకొన్నాడు కాబట్టి ఎంత ఇచ్చినా న్యాయమే అనడానికి వీల్లేదు. గత్యంతరం లేక ఒప్పుకొన్నది ఒప్పందం కాదు. కూలి అతడూ అతడి కుటుంబమూ గౌరవంగా బతకడానికి చాలాలి. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు పెట్టుబడికంటే పనిచేసే మనిషే ముందు అని తన లేఖలో వివరించారు. ‘పక్క ఊళ్లోనూ ఇదే రేటు’ అని మనం చెప్పే జవాబు ఈ బోధన ముందు నిలవదు.

అయితే రైతు కూడా చితికిపోయి ఉన్నాడు గదా, అతడెక్కడినుంచి తెచ్చి ఇస్తాడు అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నిజానికి పొలంలో నిలబడి కూలి ఇచ్చే మనిషి చాలాచోట్ల భూమి యజమాని కాదు, కౌలురైతు. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. కౌలు మాత్రం ముందే కట్టించుకొంటాడు, లేదా పంట పండినా మునిగినా ఇన్ని బస్తాలని మాట తీసుకొంటాడు. పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది కాబట్టి బ్యాంకు అప్పు అతడికి, నష్టపరిహారం చాలాసార్లు అతడికి. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు కాదు. తుపాను వస్తే నష్టం ఎవరిది? చెమటోడ్చినవాడిది. ఆ కౌలురైతు తన కష్టాన్ని ఎక్కడ తగ్గించుకొంటాడు? ఎరువు ధర తగ్గించలేడు, కౌలు తగ్గించలేడు. చివరికి కూలి దగ్గర బేరమాడతాడు. అతడికి కూలికి వచ్చిన ఆడమనిషి తన ఇంట్లో కూర దగ్గర తగ్గించుకొంటుంది. పైనుంచి జారిన బరువు అలా వచ్చి ఆమె కంచంలో పడుతుంది.

ఇక మిరపకోతల కాలం. కర్నూలు జిల్లా పడమటి మండలాలనుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి తరలివస్తాయి. చేల గట్లమీద పట్టాలు కప్పుకొని పడుకొంటారు. పిల్లల బడి అక్కడే ఆగిపోతుంది. సరిగ్గా గుణదల మాత ఉత్సవాలు, తపస్కాలం ఆ నెలల్లోనే వస్తాయి. మనం కొండకు కాలినడకన వెళ్లే దారిపక్కనే వాళ్ల గుడారాలుంటాయి. వాళ్లలో క్రైస్తవులు ఉన్నారో లేరో ముందు తెలుసుకోనక్కరలేదు. ద్వితీయోపదేశకాండం చెప్పిన పరదేశి అంటే వీళ్లే. విచారణ బడిలో ఆ మూడు నెలలు ఒక గది తెరచి వాళ్ల పిల్లలను కూర్చోబెట్టడానికి, మధ్యాహ్నం ఇంత అన్నం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పండుగ బాణసంచా ఖర్చులో కొంత చాలు. మఠకన్యలు ఉన్నచోట వాళ్లు తప్పక ముందుకు వస్తారు, విచారణ పెద్దలు మాట సాయం చేస్తే.

కౌలు మాటలు సాధారణంగా వేసవిలో జరుగుతాయి గనుక భూమి ఉన్న కుటుంబాలకు ఒక్క మనవి. కౌలుదారుకు కాగితం రాసి ఇస్తే భూమి పోతుందన్న భయం మనలో పాతుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనూ, మళ్లీ 2019లోనూ వచ్చిన చట్టాలు యజమాని హక్కుకు భంగం లేకుండానే సాగుదారుకు అప్పు, బీమా, పరిహారం అందాలన్న ఉద్దేశంతో చేసినవే. 2019 చట్టం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టడానికి జంకి వెనుదిరిగిన యజమానులలో మనవాళ్లూ ఉన్నారు. ఈసారి కౌలు కుదుర్చుకొనేటప్పుడు ఎకరాలు, గడువు, కౌలు మొత్తం, పంట మునిగితే ఎంత తగ్గించేది కాగితం మీద రాసుకోండి. తెలియకపోతే గ్రామ సచివాలయంలోనో, వ్యవసాయాధికారినో అడగండి. రెండు ప్రతులు రాయించి ఒకటి మీరు ఉంచుకోండి, రెండోది అతడి చేతికివ్వండి.